పసుపు కలపని బియ్యం

బెల్లంపల్లి

అక్క పోశవ్వకు, రాజన్న బావకు, మీ లస్మయ్య ఇక్కడి నుంచే వంగి దండం పెట్టి రాస్తున్నది ఏమంటే, నేను, నీ మరదలు గంగవ్వ ఇద్దరం బాగున్నం. బావకు జరం పూర్తిగ తగ్గిందా? మంచం దిగి నడుస్తుండా? నోటికి రుచి తెలుస్తున్నదా? ముందు అది రాయించు. మీ అత్తమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? ఎర్రావు ఈనిందా, ఇంకా లేదా? మీ అందరి మంచి చెడ్డ తెలిసేదాక నాకు నిమ్మళం ఉండదు.

బావా, ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించేది నువ్వే. ఒక్క మనవి. నీకు నచ్చని చోట దగ్గు వచ్చినట్టు చేసి దాటెయ్యకు. ఉన్నది ఉన్నట్టు చదువు. నేను అక్షరాలు నేర్చింది చర్చిల కాబట్టి అక్కడక్కడ పుస్తకం మాటలు పడుతయి. నవ్వుకుంటే నవ్వుకో.

ఇక్కడ వానలు ఆగినయి గని ఉక్క తగ్గలే. బొగ్గు బాయిల అయితే ఎండకాలం, చలికాలం అని ఏం లేదు, ఎప్పుడూ ఒకటే ఉడుకు. పోయిన నెల నన్ను పొద్దటి షిఫ్టుకు మార్చిన్రు. పని అదే, బొగ్గు తట్టలకెత్తి టబ్బులు నింపుడు. చేతులు కాయలు కాసి ఇప్పుడు నొప్పి తెలుస్తలేదు, ఫికర్ చెయ్యకు. తిండికి తక్కువ లేదు. జొన్నలే మన దిక్కు జొన్నల లెక్క ఉండవు, రొట్టె కొడితే అంచులు పగులుతయి, గంగవ్వ నన్ను తిడుతది, జొన్నలు నేను పండించినట్టు. పుంటికూర తిని ఎన్ని రోజులయిందో. ఎవరన్న ఇటు వస్తుంటే కొంచెం ఎండబెట్టి పంపు.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం పొద్దు పోదు. కంపెనీ ఇచ్చిన అర్రలు వరుసగ ఉంటయి, అందరు వాకిట్ల మంచాలేసుకొని కూసుంటరు. ఒకరు వరంగల్ దిక్కు, ఒకరు చాందా దిక్కు, ఒకరు ఎక్కడో ఉత్తరాది. ముచ్చట్లు బాగనే నడుస్తయి. అయినా "ఓ లస్మా" అని నీ లెక్క కేకేసేటోళ్లు లేరు. బాయి మీద నేను లస్మయ్యను, చర్చిల యోహానును, ఇంట్ల ఏ పేరూ లేదు, గంగవ్వ "ఇగో" అంటది.

ఇగ అసలు ముచ్చటకు వస్త. ఇంతసేపు దాని చుట్టే తిరుగుతున్న అని నీకు ఎప్పుడో తెలిసి ఉంటది.

ఈ ఏడు నీకు పుట్టింటోళ్లు ఒడిబియ్యం పొయ్యాల్సిన ఏడు అని బావ కార్డు రాసిండు. మనల కన్న అవ్వ ఉన్నన్ని రోజులు లెక్క తప్పకుంట తనే పోసింది, నాకు ఆ బరువు తెలియలే. ఇప్పుడు నీకు పుట్టిల్లు అంటే నేను, గంగవ్వ. అంతే. ఆ కార్డు పట్టుకొని మా చర్చి సంఘ పెద్ద దగ్గరికి పోయిన. ఆయన చెడ్డ మనిషి కాదక్కా. ఈ దారిలకు వచ్చినందుకు కన్నతండ్రే ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండు ఆయనను, అందుకే జర గట్టిగ మాట్లాడుతడు. "పసుపు బియ్యం, బొట్టు, కొబ్బరికాయ, గవన్ని దేవతల ముంగట పెట్టేటియి యోహానూ. ఒక కాలు గీ పడవల, ఒక కాలు గా పడవల పెడితె నడిమిట్ల మునుగుతవ్" అన్నడు.

ఇంటికి వచ్చి బాగ ఆలోచన చేసిన. పసుపు కలపకుంట ఒట్టి బియ్యం పంపితే ఎట్లుంటది? అక్కకు బియ్యం అందుతయి, సంఘంల మాట రాదు. నా తెలివికి నేనే మురిసిపోయిన. సన్న బియ్యం అయిదు సోలలు తెచ్చి గంగవ్వతోని రాళ్లేరించిన. ఆమె ఏదో చెప్పబోయింది. "నీకేం తెలుసు, ఊకో" అన్న. కొత్త సంచిల బియ్యం పోసి, పైన ఆకుపచ్చ చీర పెట్టి, మన దిక్కు మనిషి మల్లయ్య మీ ఊరికి పోతుంటే చేతికిచ్చి పంపిన. ఆ రోజు పాట పాడుకుంట డ్యూటీకి పోయిన.

వారం రోజులకు మల్లయ్య అదే సంచి తెచ్చి మా గడప ముందట పెట్టిండు. మనిషి లోపలికి రాలే. నువ్వు అన్న మాటలు ఒక్కటి కూడ మింగకుంట చెప్పిండు.

"తెల్ల బియ్యమా! మనిషి మంచంల పడి పది రోజులాయె, నా ఒడిల తెల్ల బియ్యం పొయ్యమని పంపిండా? గివి ఎవరి నోట్లె పోసెటందుకు మల్లన్నా? తీస్కపో. చీర గుడ తీస్కపో. పోశవ్వకు పుట్టిల్లు లేదట అని చెప్పు గానికి."

అక్కా, ఆ దేవుని ముందు చెప్తున్న, బియ్యం పంపినప్పుడు బావకు జరం అని నాకు తెలియదు. జరం సంగతి రాసిన కార్డు మల్లయ్య వచ్చిపోయిన రెండు రోజులకు చేరింది. కానీ నిజం దాచ. మల్లయ్య మాట వినంగనే నాకు కోపమే వచ్చింది. నా సంగతి నీకు తెలుసు, నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. "మా అక్కకు తమ్ముడు అక్కర లేదు, పసుపే కావాలె. వండు, గివి మనమే తిందాం" అని గంగవ్వ మీద ఎగిరిన.

ఆమె సంచి ముట్టలే. నా ముందట నిలబడి అన్నది: "నేను వండ. శవం నోట్లె పోసేటియి తెల్ల బియ్యం, ముత్తైదు ఒడిల పోసేటియి పసుపు బియ్యం. గిది తెల్వని ఆడిది ఏ ఊర్లె ఉంటది? చెప్పబోతె నా నోరు మూపిచ్చినవ్. మీ అక్క నీ దేవున్ని ఏమన్లే. నీ బియ్యాన్ని అన్నది."

నేను మంచం మీద కూలబడిన. అవ్వ నీకు ఒడి నింపేటప్పుడు నేను ఎన్నిసార్లు పక్కన నిలబడలే? అంతా చూసిన, ఒక్క ముక్క అర్థం చేసుకోలే, ఎండుకొబ్బరి కుడుకలు ఎప్పుడు పెడుతరా అని చూసిన. నువ్వు బావ మంచం పక్కన కూసొని ఆ సంచి మూతి విప్పినప్పుడు నీ ప్రాణం ఎట్లయి ఉంటదో తలుచుకుంటే ఏడుపు ఆగలే. బావా, ఇక్కడ దగ్గకు. నీ మంచి కోరేటోన్నే నేను. నీకు ఏమన్న అయితే మా అక్కతోని తిట్లు తినేటందుకు నేను ఒక్కన్నే మిగులుత.

అక్కా, నేను ఈ దారిల ఎందుకు నడిచిన్నో నీకు ఎన్నడు కుదురుగ చెప్పలే. బట్టలకు, పాలపొడికి కలిసిండని మీ దిక్కు అంటున్నరట. కాదు. వచ్చిన మొదటి ఏడు, గంగవ్వ ఇంకా రాకముందు, వానలల్ల నాకు మోతిజరం వచ్చి ఇరవై రోజులు పడ్డ. మన దిక్కోళ్లు వాకిట్ల నుంచే అడిగి పోయిన్రు, అంటుకుంటదని భయం, వాళ్లనూ ఏమనలేను. పక్క అర్రల ఉండే శాంతమ్మ పెద్దమ్మ లోపలికి వచ్చింది. కరీంనగర్ దిక్కు మనిషి, పెనిమిటి లేడు. గటక గంజి తాపింది, నేను పాడు చేసిన బట్టలు ఉతికింది. ఆమె వెంట చర్చి మనుషులు వంతులేసుకొని నా మంచం కాడ కూసున్నరు. ఎవరిని మొక్కాలెనో అప్పుడు ఎవరూ నాకు చెప్పలే. లేచి తిరిగినంక నేనే అడిగిన. అందుకే ఆ దారి విడిచి రమ్మంటే రాలేనక్కా. నన్ను కూడ మనిషిగ లెక్కబెట్టిన చోటు అది.

కానీ నిన్ను విడిచి కూడ ఉండలేను. రెంటికి చెడ్డ రేవడినయి తిరుగుతుంటే శాంతమ్మ పెద్దమ్మే పిలిచి కూసోబెట్టింది. ఆమె ఇది చెయ్యి, అది చెయ్యొద్దు అని ఏమనలే. తన ముచ్చట ఒకటి చెప్పింది. ఆమె బాప్తిస్మం తీసుకున్న ఏడు తమ్ముడు తన పెండ్లికి ఆమెను పిలవలే. ఈమె కూడ పంతానికి పోయింది. "వాడే వస్తడు అని నేను, అక్కనే వస్తది అని వాడు. ఇరవై ఏండ్లు గడిచినయ్. వాడు పోయిన మూడు నెలలకు నాకు ఎరుకైంది బిడ్డా, గది గుడ అంగట్ల ఎవరో మాటవరసకు అంటె. దేవుడు నాకు గింత పెద్ద సంఘాన్ని ఇచ్చిండు. అందరు అమ్మా అంటరు. అక్కా అని పిలిచెటోడు మల్ల దొర్కలే" అన్నది. అని లేచి పొయ్యి రాజేసుకున్నది.

తెల్లారి గంగవ్వ ఆ పాత బియ్యం కోళ్లకు చల్లి, వేరే బియ్యం తెప్పించి చాటల పోసి, నెయ్యి చెయ్యితోని పసుపు పట్టించింది. నేను గడపల నిలబడి చూస్తున్న. నా మొఖం చూసి, "రోజు పప్పుల ఏస్తున్న గద పసుపు, అప్పుడు లేవని దేవుడు ఇప్పుడు ఎందుకు లేస్తడు?" అన్నది. నాకు నవ్వొచ్చింది. చాన్నాళ్లకు ఇద్దరం నవ్వినం.

సంఘ పెద్దకు దాచకుంట చెప్పిన. మా దాంట్ల నెలకోసారి అందరం ఒక్క బల్ల ముందుకు వచ్చి రొట్టె పంచుకుంటం. క్రిస్మస్ దాటేదాక ఆయన నన్ను ఆ బల్లకు రావద్దన్నడు. "నీ మీద కోపం కాదు యోహానూ, కట్టడి కట్టడే" అన్నడు, ఆయన కండ్లల్ల కూడ నీళ్లున్నయి. అందరు లేచి ముందుకు పోతుంటే నేను ఒక్కన్ని వెనుక కూసోవాలె. బాధ లేదని అబద్ధం చెప్ప. చాన బాధ ఉన్నది. అయినా పోస్త.

మూడు రోజుల సెలవు దొరికింది. వచ్చే బేస్తవారం పొద్దుగూకకముందు మంచిర్యాల బస్సుకు ఖానాపూర్‌ల దిగుతం. ఆడబిడ్డ పుట్టింటికి వచ్చి ఒడి నింపుకోవాలె, అది ఆనవాయితీ. మన ఊరి ఇల్లు కూలిపాయె, ఈ అర్రకు మీ అత్తమ్మ నిన్ను పంపది, పంపినా మంచినీళ్లు ముట్టొద్దంటది. అందుకే పుట్టిల్లే నీ దగ్గరికి వస్తున్నది అనుకో.

ముందే చెప్తున్న, అక్కడికి వచ్చినంక లొల్లి వద్దు. కొబ్బరికాయ నేను కొట్ట. పోశమ్మ గుడికి రమ్మంటే రాను. గంగవ్వ బొట్టు పెట్టది, నీ పక్కింటి ముత్తైదువతోని పెట్టించుకో. కుడుకలు, ఖర్జూరాలు, ఆకుపచ్చ చీర తెస్తం. పసుపు బియ్యం మేమిద్దరం రెండు చేతులతోని నీ కొంగుల పోస్తం. పోసేటప్పుడు నీ కోసం, బావ కోసం నా ప్రార్థన నేను లోపల చేసుకుంట, ఎవరికీ వినబడది. ఇది నీకు సగమే అనిపిస్తే సగమే అని నా మొఖం మీద అను. తిట్టు, కొట్టు, నేను పడుత. మల్లయ్యతోని మాత్రం చెప్పి పంపకు.

మీ అత్తమ్మకు కాళ్లు మొక్కిన్నని చెప్పు. గంగవ్వ నీకు దండాలు పెడుతున్నది, బావకు వేడినీళ్లే ఇయ్యమంటున్నది. ఊర్ల పెద్దలందరినీ అడిగిన్నని చెప్పు, నన్ను తిట్టేటోళ్లను గూడ.

ఇంకొక్క మాట రాసి ముగిస్త. ఒడి నిండినంక లేచేముందు నువ్వు అందులకెల్లి మూడు దోసిళ్లు తీసి అవ్వ చాటల తిరిగి పోసేదానివి, పుట్టిల్లు ఒట్టిపోవద్దని. నేను అది ఆటనుకున్న. ఇప్పుడు గంగవ్వ అదే అడుగుతున్నది, వదినె మనకు పోస్తదా, పొయ్యదా అని. మాకు ఇంకా కడుపు పండలే, నీకు తెలుసు. చర్చిల అందరు మా కోసం దేవుని అడుగుతున్నరు. అయినా ఆ మూడు దోసిళ్లు పోసే హక్కు ఈ భూమ్మీద నీకు తప్ప ఎవరికీ లేదు. మేము చాట తెచ్చుకుంటున్నం అక్కా.

నీ దీవెన కోసం కాచుకున్న
తమ్ముడు
లస్మయ్య