పురుగు కడుపులో బురద

నాన్నకు,

నీ రెండో కూతురు నమస్కరించి రాసేది. జలుబు తప్ప నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి నెమ్మదించిందని చదివి మనసు కుదుటపడింది. మెట్లు ఎక్కొద్దని చెప్పు. నా మాట వినదు, నీ మాట అసలే వినదు, అయినా చెప్పు.

ఒకే ఉప్పునీటి బురదనేలలో ఒక పురుగులో విషం ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ ఎందుకుంటుందని అడిగావు. తినే తిండిని బట్టి, ఉండే చోటును బట్టి నాన్నా. పైన గడ్డి వేళ్ళ మధ్య ఉండేది చిన్న చిన్న ప్రాణుల్ని వేటాడుతుంది. నువ్వు గాలాలవాళ్ళకు ఎరగా అమ్మేది కాలవ అంచున ఉండి, బురదనే మింగి బతుకుతుంది. ఫ్యాక్టరీ నీళ్ళతో వచ్చిన పాదరసం దిగేది ఆ బురదలోకే.

అందుకే మా ల్యాబులో పరీక్షకు ముందు వాటిని ఒక రోజంతా శుభ్రమైన ఉప్పునీళ్ళలో ఉంచుతాం. కడుపులోని బురద పోవాలి. లేకపోతే మేం కొలిచేది పురుగును కాదు, బురదను.

పురుగుల్లో ఇంత పాదరసం ఉందంటూ మీ ఎరల తవ్వకం ఆపించిన ఆ అంకె ఏ గాడిద రాసిందని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. రెండుసార్లూ మాట దాటేశాను. ఆ గాడిద నేనే. ఆ వారం పనంతా నెత్తిన పడి, మన కాలవ పురుగుల్ని నీళ్ళలో ఉంచకుండానే పరీక్షకు పెట్టేశాను. మూడు నెలలుగా నువ్వు పార మూలన పెట్టి కూర్చున్నా నోరు విప్పలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను నాన్నా.

పోయిన సోమవారం మా పెద్దసారుకు చెప్పేశాను. "రిపోర్టు వెళ్ళిపోయిందిగా. పురుగు కడుపులోకి ఎవరు తొంగిచూస్తారమ్మా, ఊరుకో" అన్నారు. ఊరుకోలేదు. తప్పు నాదేనని రాసిచ్చి, మళ్ళీ పురుగులు తెప్పించి, మొదటినుంచీ పద్ధతిగా చేశాను. నా ఉద్యోగం సంగతి వాళ్ళింకా తేల్చలేదు. తేల్చుకోనీ.

నిన్న ఫలితం వచ్చింది. అంకె సగానికి దిగింది. అయినా ఉండదగ్గ హద్దుకన్నా ఎక్కువే ఉంది. అధికారులు తవ్వకానికి ఒప్పుకోరు. ఈసారి కొలతలో తప్పు లేదు, సంతకమూ నాదే.

ఇక నన్ను ఎంతైనా తిట్టు, పడతాను. కానీ ఆ పురుగుల్ని తిన్న చేపలే ఇన్నేళ్ళూ మనింట్లో వండుకున్నాం. ఇవాళ్టి నుంచి ఆ కాలవ చేప పొయ్యి ఎక్కకూడదు. ఆదివారం వస్తున్నాను. నిన్నూ అమ్మనూ రక్తపరీక్షకు తీసుకెళ్తాను. రానని మొండికేస్తే, ఆ మొండితనం నాకూ నీ దగ్గర్నుంచే వచ్చింది, ఎత్తుకునైనా తీసుకెళ్తాను.

ఇట్లు,
తప్పు చేసిన నీ చిన్నకూతురు