గట్టు వెంట కాలువ

బయ్యన్నా,

నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటావు కాబట్టి ఇది రాసి వదిన చేతికిస్తున్నాను.

మన చేన్ల నడుమ గట్టు వెంట నేను కాలువ తీసింది హద్దు జరపడానికి కాదు. అప్పటికి నువ్వింకా విత్తని నీ చేనిలో గడ్డి మేసే ఎర్ర గొంగళిపురుగు నా శెనక్కాయ మీదికి వస్తే, అందులో పడి చస్తుందని తీసినాను. నువ్వేమో "తమ్ముడు నా భూమి తింటాండాడప్పా" అని నలుగురికీ చెప్పి, పార తెచ్చి పూడ్చినావు.

పురుగు గట్టు దాటింది. నా చేనిలో ఇప్పుడు ఆకన్నది లేదు. మళ్లీ విత్తడానికి నేలలో తడి పదునూ లేదు. మేత లేక పురుగు ఇప్పుడిప్పుడే మొలిచిన నీ చేను దిక్కు తిరిగింది.

వెంటనే కాలువ తవ్వుకో అన్నా. నా చేనిలోనే తవ్వు. ఎంత లోపలికి వచ్చినా హద్దు అడగను. ఇటుపక్క కాపాడుకోడానికి నాకేమీ మిగల్లేదు.

నీ తమ్ముడు