గుండీల గోడ

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వు చల్లగా ఉండాలని రోజూ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నీ గొంతు వింటే నాకు మాట పెగలదమ్మా. పైగా పక్కనే మీ నాన్నగారుంటారు. చెప్పకుండా ఉండలేక, చివరికి కలం పట్టాను.

నువ్వు ఫ్రేము కట్టించి పంపిన ఫోటో, దానితో పాటు నీ ఉత్తరం అందాయి. నువ్వు కొత్తగా తీర్చిదిద్దిన మన గుండీల షాపులో కౌంటరు మీది దీపాల గురించి అడిగావు. వెలుతురు హాయిగా ఉంది, కళ్ళు లాగడం లేదు. సొరుగులు పట్టేయడం లేదు. నువ్వు రంగురంగుల గుండీలు పొదిగించిన గోడ ముందు ఆడపిల్లలు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. బేరాలు పెరిగాయని మీ అన్నయ్య సంతోషంగా ఉన్నాడు. మన పాత కుట్టుపని పిన్ని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంటక్కా, గుండీలు కొనడానికొచ్చానా, నగలు కొనడానికొచ్చానా? చెప్పులు బయట విప్పాలేమో!" అంది. అందరం నవ్వాం.

పని మొదలుపెట్టే ముందు నువ్వు నాన్నగారిని అడిగిన మాట గుర్తుందా? "మన షాపు అనగానే జనానికి ఏం గుర్తుకు రావాలి నాన్నా? అదే మన బ్రాండ్" అన్నావు. "ఏముందే, నా బట్టతల!" అన్నారాయన. "అయితే గుండ్రంగానే చేస్తా" అని నువ్వు తలుపులో నాలుగు రంధ్రాల గుండీ లాంటి కిటికీ పెట్టించావు. ఇప్పుడు ఆ తలుపు చూసినవాళ్ళందరికీ ఆయనే గుర్తుకొస్తున్నారు. ఆయనకు మాత్రం ఆ షాపు గుర్తుకు రావడం లేదమ్మా.

ఆయన మతిమరుపు నీకు తెలిసిందే. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికితే మనం ఆట పట్టించేవాళ్ళం. షాపులో కూర్చుంటే మాత్రం ఏ తడబాటూ ఉండేది కాదు. పాత చెక్క సొరుగుల మీద లోపలి సరుకు తెలిసేలా ఒక్కో గుండీ దారంతో కట్టి ఉండేది కదా. మాట్లాడుతూనే చేత్తో తడిమి, కావలసింది తీసిచ్చేవారు. ఇప్పుడు సొరుగులన్నీ తెల్లగా, నున్నగా, పిడులు కూడా లేకుండా ఉన్నాయి. నొక్కితే తెరుచుకుంటాయని ఎన్నిసార్లు చెప్పినా ఆయన అరచెయ్యి గోడ మీద పాకుతూనే ఉంటుంది.

ఒకరోజు మీ అన్నయ్య దగ్గరకు వెళ్ళి, "బాబూ, ఇక్కడ ఒక పాత గుండీల షాపు ఉండాలి. ఎక్కడికి మార్చారు?" అని అడిగారు. వాడు వేళాకోళం అనుకుని, "ఎత్తేశారండీ" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు కౌంటరు దాటి వచ్చి కాళ్ళు పట్టుకున్నా, ఎవరో మర్యాదస్తుడని తల నిమిరారే గాని, తన కొడుకని గుర్తుపట్టలేదు.

డాక్టరుకు చూపించాం. మందులతో కొంత నెమ్మదిస్తుందేమో గాని, పోయింది తిరిగి రాదన్నారు. ఇలాంటివాళ్ళకు అలవాటైన చోటు మార్చకూడదని కూడా అన్నారు. ఆ మాట నీకు రాయకూడదనుకున్నాను, రాసేశాను. నీ తప్పు కాదమ్మా. జబ్బు ముందే మొదలైందని డాక్టరే చెప్పారు. పాత సొరుగులు మళ్ళీ పెట్టిద్దామని వడ్రంగి దగ్గరకు వెళ్ళాను. "ఆ చెక్క ఇంకెక్కడిదమ్మా, కిటికీలైపోయింది" అన్నాడు. ఇప్పుడు ఆయన రోజూ ఎదురుగా ఉన్న బస్టాపు బెంచీ మీద కూర్చుని, తన షాపు తెరుస్తారేమోనని చూస్తుంటారు. పక్కన నేను కూర్చుంటాను. దేవుడి ముందు నిలబడితే ఆయన కోసం ఏమడగాలో తెలియక, ఊరికే దణ్ణం పెట్టి వస్తున్నాను.

ఇక ఆ ఫోటో సంగతి. నాన్నగారు కొత్త కుర్చీలో కూర్చుని ఎంత బాగా నవ్వుతున్నారో, మీ ఆఫీసు గోడకు కూడా ఒకటి తగిలించానని రాశావు. ఆ నవ్వు నిజమైనదే. కానీ ఆ రోజు ఆయన పరాయి షాపులో కూర్చున్నాననుకున్నారు. "కొనకపోయినా కూర్చోబెట్టారు, మంచివాళ్ళు" అన్నారు నాతో. చుట్టూ చూసి, "ఎవరు చేశారో గాని ముచ్చటగా ఉంది" అన్నారు. ఉండబట్టలేక, "మీ అమ్మాయే చేసిందండీ" అన్నాను.

"ఊరుకోవే, మన చిట్టి ఇంకా బడికెళ్ళే పిల్ల. అది పెద్దయ్యాక మన షాపు కూడా ఇలాగే చేయించుకుందాం" అని నవ్వారు. అప్పుడే మీ అన్నయ్య ఫోటో తీశాడు.

ఆ ఫోటోను గోడ మీది నుంచి తీయకు తల్లీ. వచ్చినవాళ్ళందరికీ చూపించు. ఈ కాగితాలు మాత్రం ఎవరికీ చూపించకుండా నీ దగ్గరే దాచుకో.

ఇట్లు,
బస్టాపు బెంచీ మీద నుంచి,
మీ అమ్మ