కళ్ళు మూసుకుని కొండ దిగే డాక్టరమ్మ

మావయ్యకి నమస్కారాలు.

నువ్వు నేర్పిన డ్రైవింగ్ పుణ్యమా అని ఈ ఏడాదిలో ఆరో ఉద్యోగం దొరికింది. కొండ మీద ఆసుపత్రిలో కళ్ళ డాక్టరమ్మ. రోజూ కారులో కొండ ఎక్కించాలి, దించాలి. నెల్లాళ్ళు చూసి ఉంచుకుంటుందట. బండికి క్లచ్ లేదు, గేర్లు అదే మార్చుకుంటుంది. నా ఎడమ కాలికి పనే లేదు. చిక్కల్లా దిగేటప్పుడే. బ్రేకు మీద కాలు తియ్యకుండా వస్తున్నా, సగం దిగేసరికి కాలిన వాసన. నేను సిగరెట్ తాగుతున్నానని ఆవిడ అనుమానం. ఇంకోసారి వాసనొస్తే పంపించేస్తానంది.

ఇది పోగొట్టుకోవాలని లేదు మావయ్యా. ఒకచోట కూర్చోలేక బడి మానేసినోణ్ణి, కూర్చునే తిరిగే పని మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

నీ మేనల్లుడు

తా.క. వాసన చక్రాల దగ్గర్నించే వస్తోందని వంగి చూపించాను. జేబులోంచి సిగరెట్ పెట్టె జారి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది.

అల్లుడికి ఆశీస్సులు.

కాలేది బ్రేకులురా. ఇంకాస్త కాలితే అసలు పట్టవు. అదే కొండ మీద ముప్ఫై ఏళ్ళు లారీ తిప్పినవాణ్ణి, విను. గేరు పిడి పక్కన ‘డి’ కింద 2 అని ఉంటుంది. వాలు మొదలవక ముందే దాంట్లోకి లాగి, యాక్సిలరేటర్ వదిలెయ్. ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. అప్పటికీ జోరు పెరిగితే బ్రేకు గట్టిగా నొక్కి వదులు. అంతేగాని కాలు అక్కడే కాపురం పెట్టకూడదు.

మీ మావయ్య

తా.క. సిగరెట్లు మానెయ్. ఆ పెట్టె ఇటు పంపు.

మావయ్యకి,

నువ్వు చెప్పినట్టే చేశా. వాసన పోయింది, ఉద్యోగం కూడా పోయేట్టుంది. ఇంజన్ ఒకటే అరుపు. ఈ కళ్ళ డాక్టరమ్మేమో దిగినంతసేపూ వెనక సీట్లో కళ్ళు మూసుకునే ఉంటుంది. ఆ మోత విని నేను పందెం పెట్టాననుకుంది. ఇరవైలో వెళ్తున్నామండీ, సైకిలతను కూడా మనల్ని దాటేశాడు చూడండి అన్నాను. చూడమనేసరికి ఇంకా గట్టిగా మూసుకుంది. శనివారం దాకా గడువిచ్చింది.

నీ మేనల్లుడు

తా.క. మా మావయ్య ముప్ఫై ఏళ్ళు ఇలాగే దిగాడని చెప్పా. “ఆయన ఇంకా ఉన్నారా?” అంది.

అల్లుడికి,

ఉన్నానని చెప్పు. వెనక కూర్చున్నవాళ్ళకి పనుండదు, అందుకే భయం. ముందు సీట్లో కూర్చోబెట్టి, స్పీడు ముల్లు ఎంత మీదుందో పైకి చదవమను. రోజూ అందరి చేతా చదివించే మనిషి, తనూ కాస్త చదువుతుంది. శనివారం నేనే వచ్చి మాట్లాడతా.

మీ మావయ్య

తా.క. పెట్టె అందలేదు.

అల్లుడికి ఆశీస్సులు.

ఇల్లు చేరాను. శనివారం సంగతి మీ అమ్మ చెవిన వెయ్యకు. కొండ మీద వెనక సీట్లో కూర్చోవడం నాకు అదే మొదలు. ఇంజన్ అరిచేసరికి మెల్లగా పోనివ్వరా అని నీ సీటు పట్టుకు వేలాడాను, నిజమే. ఆవిడ మాత్రం ముల్లు మీంచి చూపు తిప్పలేదు. “ఇరవై రెండు. కంగారు పడకండి పెద్దాయనా, ఇంజన్ అరుస్తోందంటే బండిని పట్టి ఉంచిందన్నమాట. మా డ్రైవరు చెప్పాడు” అంది.

‘మా డ్రైవరు’ అంది. నువ్వు విన్నావో లేదో. నేను కళ్ళు మూసుకునున్నా చెవులు తెరిచే ఉన్నాను.

మీ మావయ్య

తా.క. ఆవిడ పట్టుబట్టి నా కళ్ళు పరీక్ష చేసి అద్దాలిచ్చిందిగా. తిరుగు బస్సు ఆ కొండ మీదుగా వస్తుంటే పెట్టుకుని చూశా. ఒరేయ్, ఆ రోడ్డు పక్కన లోయ ఉందిరా.