ఫిల్ములో పడని నొప్పి

ఎల్లారెడ్డి

నా బాపుకు,

నీ కళ్యాణి దండాలు. ఫోన్‌లో నీకు మాట వినపడదు, పక్కింటివాళ్లతో చెప్పించే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

బడిలో పిల్లలకు అన్నం వండుతూ గంజి మీద కాలు జారి పడ్డానని నీకు తెలుసు. ఒంటి బరువంతా కుడిచేతి మీద పడింది. కామారెడ్డిలో ఒక ప్రైవేటు దవాఖానలో ఎక్స్‌రే తీశారు. అక్కడ ఫిల్మును ముందు కంప్యూటర్ చూస్తుంది. ఏఐ అంటారట. ఎముక విరిగితే అదే కనిపెట్టి ఎర్రగా గీత గీస్తుంది. నా ఫిల్ము మీద గీత పడలేదు. "ఏం విరగలే, బెణికింది. పట్టీ కట్టుకో" అని డాక్టరు పంపేశాడు.

అప్పటినుంచి బొటనవేలి మొదట్లో పోటు. అన్నం గిన్నె ఎత్తబోతే కళ్లు తిరుగుతున్నాయి. "పని తప్పించుకునేటందుకు ఏషాలు" అంటుంది మా అత్త. ఆమె మాటకు నేను ఏడవలేదు. నీ అల్లుడు చెడ్డవాడు కాదు కదా బాపూ, తాగడు, చెయ్యెత్తడు. ఆయనే సెల్లులో రిపోర్టు తీసి నా ముందు పెట్టి, "మిషిన్ అబద్ధం చెప్తదా? దానికి నీ మీద ఏమన్న పగనా?" అన్నాడు. ఈ నొప్పి నిజమేనా అని నాకే అనుమానం వస్తోంది.

ఇంట్లో చెప్పకుండా సర్కారు దవాఖానకు పోదామనుకుంటున్నాను.

నీ బిడ్డ
కళ్యాణి

ఎల్లారెడ్డి

బాపూ,

ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ ఫిల్ము అడగకముందే బొటనవేలి కింద గుంటలో నొక్కింది. కేక పెట్టాను. "ఈడ చిన్న ఎముక ఉంటది. కొత్తగ విరిగితే ఒక్కోసారి ఫిల్ముల కనవడదు. మిషిన్‌కూ దొరకదు, మనిషికీ దొరకదు. నొప్పి తగ్గకుంటే మళ్ల తీయాలె. ఎవ్వలు చెప్పలేదా?" అంది. స్కానింగ్ తీయించింది. ఎముక రెండు ముక్కలైంది. ఇన్ని నెలలు అట్లే వదిలేసేసరికి నెత్తురు అందక ఒక ముక్క చచ్చిపోయింది. ఆపరేషన్ చేస్తే నొప్పి తగ్గవచ్చు, మణికట్టు మాత్రం ఇక వంగదట. బడిలో నా చోట నాగవ్వ అనే ఆమెను పెట్టుకున్నారు.

బిచ్కుందకు, నీ దగ్గరికి వచ్చెయ్యమని రాశావు. వచ్చి ఏం చేస్తాను బాపూ? అక్కడా ఇదే చెయ్యి కదా.

సంగతి తెలిసి నీ అల్లుడు ఏడ్చాడు. ఏడ్చి, "నాకు గట్టిగ చెప్పకపోతివేంది?" అన్నాడు. రోజూ చెప్పాను. అంతకంటే గట్టిగా ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు.

ఇప్పుడు పొద్దున లేవగానే "నొస్తుందా?" అని అడుగుతాడు. "నొస్తలేదు" అంటాను.

వెంటనే నమ్ముతాడు.

నీ
కళ్యాణి