గోడకు రెండు వైపులా పుప్పొడి

తాతయ్యకు మనవరాలి నమస్కారాలు.

ఒక సాయం కావాలి. నా పరిశోధన చిలగడదుంప జాతి తీగల మీద అని చెప్పాను కదా. ఆ కుటుంబంలో కొన్నింటి పుప్పొడి సూక్ష్మదర్శినిలో ముళ్ల బంతిలా కనిపిస్తుంది, కొన్నింటిది నున్నగా ఉంటుంది. దాన్నిబట్టే ఏ తీగ ఏ శాఖదో తేలుస్తున్నాను. మన గోడ మీది తెల్లపూల తీగ ఇక్కడ దొరకదు. దానిది నున్నటిదని నా నమ్మకం. అది రుజువైతేనే మా గైడు మేడమ్ దగ్గర నా ఆఖరి అధ్యాయం నిలబడుతుంది. పొద్దున్నే విచ్చిన పూలు కోసి పంపు.

నీ మనవరాలు

తా.క. గోడవతల ఉన్న అమ్మ వాళ్ల నాన్నను, అదే మన గడియారం తాతయ్యను, అడిగానని చెప్పు. మీ ఇద్దరికీ మాటలున్నాయా, ఇంకా లేవా?

చిరంజీవి మనవరాలికి మేస్త్రీ తాత దీవించి రాసేది.

పూలు పంపాను. పువ్వు లోపల ఏదో దుమ్ము పట్టి ఉంది. బతుకంతా సిమెంటు మింగినవాణ్ణి, దుమ్మంటే నాకు ఒళ్లుమంట. నా మనవరాలికి మురికి పూలు పంపుతానా? సున్నం కుంచె కడిగి ఆరబెట్టి, ఒక్కో పువ్వూ దులిపి, ఊది మరీ పంపాను. పనంటే ఏమిటో ఈ పూలను చూసి నేర్చుకోమని మీ మేడమ్‌కు చెప్పు.

గడియారాలు బాగుచేసే ఆ మనిషికి నేనేమీ చెప్పను. నా తీగను పిచ్చితీగ అన్నాడు. అతని ఊదాపూల తీగ మాత్రం నేను కట్టిన గోడెక్కి నావైపు వేలాడుతోంది, సిగ్గులేకుండా.

ఇట్లు, తాత

తా.క. రాలిన దుమ్ము ఊడ్చి పారబోశాను. బెంగపడకు.

తాతయ్యా!

నువ్వు పారబోసిందే నాకు కావాల్సింది! ఆ దుమ్మే పుప్పొడి. ఈసారి పూలు నువ్వుంచుకో, దుమ్ము సీసాలో వేసి పంపు. చిటికెడు చాలు. నెలాఖరుకు మేడమ్‌కు చూపించకపోతే ఆ అధ్యాయం పోతుంది, నా పట్టా మరో ఏడాది వెనక్కి పోతుంది.

నీ మనవరాలు

తా.క. ఊదకు.

చిరంజీవి మనవరాలికి,

దుమ్ము మీద చదువని ముందే చెబితే బస్తాలకెత్తి పంపేవాణ్ణి కదే! సీసా పంపాను. మూత పట్టడమే కష్టమైంది.

ఇట్లు, తాత

తా.క. ఊదలేదు. తుమ్మాను. అటు తిరిగే తుమ్మాను.

తాతయ్యకు నమస్కారాలు.

సీసా అందింది. మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది! ఒకే తీగలో నున్నటి రేణువులూ, ముళ్ల రేణువులూ! ఇలాంటిది తన సర్వీసులో చూడలేదట. అందరినీ పిలిచి చూపించింది. సోమవారం పెద్ద సభలో చెబుతుందట. ఒట్టేసి చెప్పు తాతయ్యా, ఇదంతా మన తెల్లతీగదేనా?

నీ మనవరాలు

తా.క. చిటికెడు అడిగితే సీసా నిండా ఎలా వచ్చింది?

చిరంజీవి మనవరాలికి,

మన తీగ నుంచి వచ్చింది చిటికెడే. మేస్త్రీ మనవరాలికి చిటికెడు పంపితే నలుగురూ ఏమనుకుంటారు? ఇసుక తగ్గితే పక్క కుప్పలోంచి నాలుగు తట్టలు తెచ్చుకోమా? నావైపు వేలాడే ఊదాపూలు దులిపి సీసా నింపాను. నావైపుకొచ్చింది నాదే. ఇందులో ఒట్లెందుకు?

ఇట్లు, తాత

తా.క. మేడమ్ లేచి నిలబడిందన్నావు. కూర్చోమని చెప్పు.

తాతయ్యకు,

కూర్చుంది. తల పట్టుకుని కూర్చుంది. సభలో తన పేరు కొట్టేయించుకుంది. ఇక సీసాలూ పొట్లాలూ నమ్మదట. మొగ్గలున్న తీగ వేళ్లతో సహా రావాలి, పువ్వు ఆవిడ కళ్లముందే విచ్చుకోవాలి. నాకు సెలవివ్వడం లేదు. ఆ తీగంటే నీకెంత గర్వమో నాకు తెలుసు. కుదరకపోతే వద్దులే. కోపం లేదు.

నీ మనవరాలు

చిరంజీవి మనవరాలికి తాత రాసేది.

తీగదేముంది, నీకన్నానా? గునపం తీసుకుని గోడ మొదట్లో తవ్వాను. నేను రోజూ నీళ్లుపోసే మొదలు పట్టుకుని పైకి తడుముకుంటూ వెళితే ఊదాపూల దగ్గర తేలాను. మళ్లీ తడిమాను. మళ్లీ ఊదాపూలే. తెల్లపూల కాడ పట్టుకుని కిందికొస్తే అది గోడ దాటి అతని పెరట్లో దిగింది. ఇన్నేళ్లూ నేను సాకింది అతని తీగనే!

వెళ్లి తలుపు కొట్టాను.

"ఎవరూ?" అన్నాడు, కిటికీలోంచి చూసి కూడా.

"నేనే బావగారూ. పిల్ల చదువుకి మీ పెరట్లో తీగ కావాలి."

"ఆ పిచ్చితీగ మీది కదా."

"మొదలు చూడండి."

చూశారు. చాలాసేపు వంగి చూశారు. "అయితే దీనికి ఇన్నాళ్లూ నీళ్లుపోసింది…"

"మీరే."

"మరి నాది?"

"కడుపునిండా తాగుతోంది."

తర్వాత ఆయన గునపం లాక్కుని, "గోడలు కట్టే చేతులు వేళ్లకి పనికిరావు, జరగండి" అని, గడియారాల పట్టకారుతో ఒక్కో వేరూ విడదీశారు. చెప్పకేం, పనిమంతుడే.

తీగను తొట్టిలో పెట్టాం. మూడు మొగ్గలున్నాయి. రేపు ఇద్దరం బస్సెక్కుతున్నాం.

ఇట్లు, తాత

తా.క. ఉత్తరం పోస్టులో వేయడం మరిచి జేబులో పెట్టుకునే వచ్చేశాను. మీ కాలేజీ గేటు దగ్గర కాపలావాడు మమ్మల్ని లోపలికి వదలడం లేదు. అందుకే ఇది అతనితోనే పంపుతున్నాను. మీ గడియారం తాతయ్య చొక్కా విప్పి తొట్టికి నీడపట్టారు. మేడమ్‌ను తీసుకుని పరుగెత్తుకురా, ఒక మొగ్గ విచ్చుకుంటోంది!