విభూది పొట్లం

పుదుచ్చేరి,
12 నవంబరు 1927

చిరంజీవి సౌభాగ్యవతి తిలగానికి చిన్నదురై ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నా ఒంటికి ఏ కొరతా లేదు. నువ్వూ బిడ్డా అత్తా బాగున్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. బిడ్డకు జలుబు తగ్గినందుకు సంతోషం.

మిమ్మల్ని తీసుకురావడానికి యజమాని ఇస్తానన్న కారు ఏమైందని అడిగావు. అది చెడింది. స్టీరింగు నాలుగు వేళ్ళ మేర తిప్పితే గానీ చక్రాలు కదలడం లేదు. గుంటలో పడితే ఒక పక్కకు లాగుతోంది. యజమాని ఇంటి కొట్టంలోనే ముందు భాగం ఎత్తి, కింద దిమ్మలు పెట్టి, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపాను. టకటకమంది. కమాను పట్టీల మరలు వదులైతే బిగించాను. చప్పుడు పోలేదు. కింద దూరి చూస్తే, చక్రాలను తిప్పే కడ్డీ చివరి గుండు అరిగిపోయి, అది కూర్చునే ఇనుప గిన్నెలో వదులుగా ఆడుతోంది. నిరుడు సారం పేటలోని కొలిమిలో కమ్మరి కుప్పుస్వామి చేసిన గుండు అది.

"వాడి పని ఇంతే. ఇంక వాణ్ణి గేటు దాటనీబాకు," అన్నారు యజమాని. ఆయన వద్దంటే ఊళ్ళో కార్లున్నవాళ్ళంతా వద్దంటారు.

ఇక్కడినుంచి అత్తకు చదివి వినిపించకు.

ఆయుధపూజకు అత్త విభూది పొట్లం ఇచ్చి, కారు తిరిగే చోట పెట్టమంది కదా. నువ్వూ బిడ్డా ఎక్కే కారని, ప్రతి శుక్రవారం ఒక చిటికెడు ఆ గిన్నెలోని గ్రీజులో కలిపాను. గ్రీజులో బూడిద కలిస్తే ఇనుమును ఆకురాయిలా తినేస్తుంది. అది నాకు తట్టలేదు. గిన్నె విప్పగానే తెలిసింది. యజమాని రాకముందే తుడిచేశాను. ఆయన కుప్పుస్వామిని అంటుంటే నోరు మెదపలేదు.

ఆ పని మళ్ళీ చేయగలిగింది కుప్పుస్వామే. చాటుగా ఆయన దగ్గరికే పట్టుకెళ్ళి, బిడ్డను తీసుకురావాలని చెప్పాను. గిన్నె అంచును గోటితో గీకి చూశాడు.

"ఏందిరా ఇది? రోడ్డు దుమ్ము ఇంత తెల్లగా ఉంటాదా?"

తల వంచుకున్నాను. ఆయన నా నొసటి విభూది కేసి చూసి, ఇంకేమీ అడగకుండా కొత్త గుండు చేసిచ్చాడు.

"బిడ్డ ఎక్కే బండిరా. దీనికి గ్రీజొకటే పెట్టు," అన్నాడు.

అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

ఇప్పుడు స్టీరింగు వదులు లేకుండా తిరుగుతోంది. రేపు యజమానికి జరిగింది చెప్పేస్తాను. ఆయన కోపం నీకు తెలుసు. గురువారం ఏంబలంలో మీ వాకిట కారు ఆగితే ఆయన క్షమించారనుకో. ఎద్దుబండి ఆగినా అందులో నేనే ఉంటాను. అత్త ముందు ఏమీ అడక్కుండా బిడ్డనెత్తుకుని ఎక్కు.

ఇట్లు,
నీ బిడ్డ నాయన
చిన్నదురై